పడవ చెక్కతో సిలువ

మా ఇల్లు మేడ్చల్ హైవే పక్కనే. 2020 లాక్‌డౌన్‌లో మూటలు నెత్తిన పెట్టుకుని నాగపూర్ వైపు నడిచిపోతున్న వలస కూలీలకు అమ్మ మంచినీళ్లు ఇచ్చేది. నేను మాత్రం గేటు లోపలే నిలబడి చూశాను. అది ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

2022లో మన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ తొలి తెలుగు కార్డినల్ అయ్యారు. కార్డినల్స్ అంటే పోప్‌కి సలహాదారులు. వాళ్లలో 80 ఏళ్లలోపు వాళ్లే కొత్త పోప్‌ను ఎన్నుకుంటారు. ఆ వార్తల వెంట పోతూ ఉంటే మైఖేల్ చెర్నీ అనే కార్డినల్ కథ దొరికింది.

చెర్నీ 1946లో చెకొస్లొవేకియాలో పుట్టారు. రెండేళ్లకే ఆ కుటుంబం కెనడాకు వలస వెళ్లింది. పెద్దయ్యాక జెస్యూట్ సభలో చేరారు. 1989లో ఎల్ సాల్వడార్‌లో సైనికులు ఆరుగురు జెస్యూట్లను కాల్చి చంపారు. చెర్నీ ఆ యూనివర్సిటీకే వెళ్లి మానవ హక్కుల పని చేశారు. తర్వాత ఆఫ్రికాలో ఎయిడ్స్ బాధితుల కోసం పనిచేశారు. 2017 నుంచి వాటికన్‌లో వలసదారులు, శరణార్థుల విభాగం చూశారు. 2019లో కార్డినల్ అయ్యారు. ఆయన మెడలో సిలువ బంగారంది కాదు, మధ్యధరా సముద్రం దాటిన వలసదారుల పడవ చెక్కది!

దేశం దాటితే శరణార్థికి 1951 ఒప్పందం ఉంది. మరి శామీర్‌పేట వైపు మన అపార్ట్‌మెంట్లు కడుతున్న ఒడిశా, బీహార్ వాళ్లు? వాళ్లది ఈ దేశమే, అయినా కష్టమొస్తే నడకే దిక్కయింది.

నిన్న మా కాలేజీ కొత్త బ్లాక్ కడుతున్న ఒకాయన్ని "ఏ ఊరన్నా?" అని అడిగాను. బలంగీర్ అన్నాడు. ఈసారి గేటు బయటే నిలబడ్డాను.