కెమెరాకు చిక్కిన జంతువును గుర్తించడం

1. పరిచయం

మీ ఊరు కాకినాడకు దగ్గరలో, కోరింగ మడ అడవుల అంచున ఉందనుకోండి. చేపల చెరువు గట్టు మీద కట్టిన కెమెరాలో ఒక రాత్రి ఒక ఫొటో పడింది. ఒంటినిండా మచ్చలు, మెరిసే కళ్లు. ముఖం సరిగా కనిపించడం లేదు. తెల్లవారేసరికి ఆ ఫొటో ఊరంతా తిరిగింది. "చిరుత వచ్చింది" అన్నారు ఒకరు. "అది చిరుతపిల్ల. తల్లి ఇక్కడే ఎక్కడో ఉంటుంది" అన్నారు మరొకరు. కోడిమాంసంలో విషం కలిపి గట్టు మీద పెడదామని ఇంకొకరు సలహా ఇచ్చారు.

ఇప్పుడు ఊరివాళ్లు ఆ ఫొటో మీ చేతికిచ్చి "ఇది ఏ జంతువు?" అని అడిగారు. మీరేం చెబుతారు? అది నిజంగా చిరుత అయితే, కాదని చెప్పడం ప్రమాదం. చిరుత కాకపోతే, అవునని చెప్పడం వల్ల ఒక జంతువు అన్యాయంగా చనిపోతుంది. విషం కలిపిన మాంసం తిని ఊరకుక్కలు, గద్దలు కూడా చస్తాయి. కాబట్టి ఒక జంతువుకు సరైన పేరు పెట్టడం చిన్న విషయం కాదు.

2. ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• అడవి కెమెరా ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు.
• ఫొటోలోని జంతువు ఎత్తును లెక్కకట్టగలుగుతారు.
• బావురుపిల్లికి, చిరుతకు గల తేడాలను చెప్పగలుగుతారు.
• ఆధారం చాలనప్పుడు నిర్ణయాన్ని ఎందుకు ఆపాలో తెలుసుకుంటారు.

3. కెమెరా ఎలా చూస్తుంది?

అడవి కెమెరాను చెట్టుకో గుంజకో కట్టి వదిలేస్తారు. దానిలోని సెన్సర్ వేడిలో కలిగే మార్పును పసిగడుతుంది. చుట్టుపక్కల కంటే వెచ్చగా ఉన్న శరీరం ఎదుటికి వచ్చి కదిలితే, కెమెరా దానంతట అదే ఫొటో తీస్తుంది. మండువేసవి మధ్యాహ్నం నేల కూడా శరీరమంత వేడిగా ఉంటుంది. అప్పుడు సెన్సర్ కొన్నిసార్లు జంతువును గుర్తించలేదు.

రాత్రివేళ చాలా కెమెరాలు మన కంటికి కనబడని పరారుణ కాంతిని వాడతాయి. అందువల్ల ఫొటో నలుపు తెలుపుల్లో వస్తుంది. గోధుమరంగు జంతువు తెల్లగా కనిపించవచ్చు. కాబట్టి రాత్రి ఫొటోలో రంగును నమ్మకూడదు.

మెరిసే కళ్లను చూసి కూడా భయపడకండి. చాలా జంతువుల కంటిలో వెలుగును వెనక్కి తిప్పికొట్టే పొర ఉంటుంది. మీ ఇంటి ఆవు కళ్లు, పిల్లి కళ్లు కూడా అలాగే మెరుస్తాయి.

మీకు తెలుసా?
2018 సంవత్సరపు అఖిల భారత పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు అమర్చారు. వాటిలో 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫొటోలు పడ్డాయి. పులుల ఫొటోలు 76,651 మాత్రమే. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఆ చారలను పోల్చి 2,461 పులులను విడివిడిగా గుర్తించారు.

4. మొదటి మెట్టు: కొలత

కెమెరాకు దగ్గరగా వచ్చిన పిల్లి పులంత కనిపిస్తుంది. దూరంగా ఉన్న పులి పిల్లంత కనిపిస్తుంది. అందుచేత మొదట ఎత్తు తెలుసుకోవాలి.

దీనికి ఒక సులువైన పద్ధతి ఉంది. కెమెరాను కదపకండి. పగటిపూట, తోడుగా మరొకరిని తీసుకుని, జంతువు నిలబడిన చోటికి వెళ్లండి. ఫొటోలో కనిపించే రాయి, గుంజ, గడ్డిదుబ్బు ఆ చోటును గుర్తించడానికి సాయపడతాయి. అక్కడ ఒక మీటరు కర్రను నిలబెట్టి అదే కెమెరాతో ఫొటో తీయండి. తరవాత రెండు ఫొటోలనూ ఒకే సైజులో పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలవండి.

ఉదాహరణ: ఫొటోలో మీటరు కర్ర 5 సెం.మీ. ఉంది. జంతువు భుజం వరకు ఎత్తు 2 సెం.మీ. ఉంది. ఫొటోలో 5 సెం.మీ. అంటే నేల మీద 100 సెం.మీ. కాబట్టి 2 సెం.మీ. అంటే 40 సెం.మీ.

ఎదిగిన చిరుత భుజం వరకు సుమారు 60 నుంచి 70 సెం.మీ. ఎత్తు ఉంటుంది. మన ఫొటోలోది 40 సెం.మీ. మాత్రమే. అంటే ఇది ఎదిగిన చిరుత కాదు. కాని చిరుతపిల్ల కావచ్చు కదా! ఆ అనుమానం న్యాయమైనదే. అందుకే కొలతతో ఆగకూడదు.

5. రెండో మెట్టు: ఆకారం

రంగు మారినా ఆకారం మారదు. తోక, కాళ్లు, చెవులు, మూతి అనే నాలుగింటిని వరసగా చూడండి.

చిరుత తోక పొడవు. తల, మొండెం కలిపిన పొడవులో అది సగానికి మించే ఉంటుంది. పిల్ల చిరుతకు కూడా తోక పొడవుగానే ఉంటుంది. బావురుపిల్లి తోక లావుగా, పొట్టిగా, సగం కంటే తక్కువ ఉంటుంది. దీని కాళ్లు పొట్టి, మొండెం బలిష్ఠం, చెవులు చిన్నవి, గుండ్రనివి.

అడవిపిల్లి కాళ్లు పొడవు. చెవులు పెద్దవి, వాటి కొసన చిన్న నల్లటి వెంట్రుకల కుచ్చు ఉంటుంది. ఒంటి మీద స్పష్టమైన మచ్చలుండవు. పునుగుపిల్లికి మూతి కోసుగా ఉంటుంది, పొడవైన తోక మీద కట్లు కట్లుగా వలయాలుంటాయి. నీటికుక్క తోక మొదట లావుగా ఉండి కొసకు సన్నబడుతుంది. అది నడిచేటప్పుడు నడుము విల్లులా వంగుతుంది.

ఒక జాగ్రత్త: తోక కెమెరా వైపుకో, అవతలి వైపుకో తిరిగి ఉంటే నిజం కంటే పొట్టిగా కనిపిస్తుంది. జంతువు పక్కగా నిలిచిన ఫొటోలోనే తోకను కొలవాలి.

6. మూడో మెట్టు: మచ్చలు

చిరుత మొండెం మీద మచ్చలు చాలావరకు పువ్వుల్లా, గుంపులు గుంపులుగా ఉంటాయి. మధ్యలో లేతరంగు, చుట్టూ నల్లని ముక్కలు. బావురుపిల్లి మచ్చలు నిండుగా, చిన్నవిగా, కొంచెం పొడవుగా ఉండి, మొండెం వెంట వరసలు కడతాయి. నుదుటి నుంచి మెడ మీదుగా నల్లని గీతలు సాగుతాయి.

7. నాలుగో మెట్టు: చోటు, పాదముద్ర

బావురుపిల్లి నీటి అంచున బతికే జంతువు. మడ అడవులు, చిత్తడి నేలలు, రెల్లుపొదలు దాని ఇల్లు. చేపలే దాని ముఖ్య ఆహారం. ఎలుకలను, పీతలను, పక్షులను కూడా తింటుంది. ఒడిశాలోని చిలికా సరస్సు ప్రాంతంలో కెమెరాల సాయంతో చేసిన గణనలో 176 బావురుపిల్లులు ఉన్నట్లు అంచనా వేసి, 2022లో ప్రకటించారు.

గట్టు మీద తడి మట్టిలో పాదముద్రలుంటాయి. చిరుత నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది, కనుక ముద్రలో గోళ్లు సాధారణంగా కనిపించవు. బావురుపిల్లి గోళ్లు పూర్తిగా ముడుచుకోవు. అందువల్ల దాని ముద్రలో గోళ్ల గుర్తులు పడవచ్చు. అయితే ఇక్కడ తొందరపడకండి. కుక్క ముద్రలో కూడా గోళ్లు పడతాయి.

8. నిర్ణయం

ఇప్పుడు మన ఫొటో దగ్గరికి వద్దాం. ఎత్తు 40 సెం.మీ. పక్కగా నిలిచిన మరో ఫొటోలో తోక, శరీరం పొడవులో మూడో వంతు ఉంది. మచ్చలు వరసలుగా ఉన్నాయి. చోటు మడ అడవి పక్కన చేపల చెరువు. నాలుగు ఆధారాలూ ఒకే మాట చెబుతున్నాయి. ఇది బావురుపిల్లి. ఊరివాళ్లు చేయవలసింది రాత్రిళ్లు కోళ్లగూటికి గట్టి వల బిగించి తలుపు వేయడం. విషం పెట్టడం కాదు. చిరుత, బావురుపిల్లి రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని చంపడం నేరం.

ఒకవేళ ఒక్క మసక ఫొటోయే ఉండి, తోక కనబడకపోతే? ఎత్తు కొలవడం కుదరకపోతే? అప్పుడు "ఇంకా చెప్పలేము" అన్నదే సరైన జవాబు. అలా అనడం ఓటమి కాదు. అయితే అలా చెప్పి ఊరుకోకూడదు. చిరుత కాదని తేలేవరకు చిరుతే అన్నట్లు జాగ్రత్తపడండి. అటవీశాఖకు తెలపండి. పిల్లలను, పశువులను రాత్రి బయట ఉంచకండి. జాగ్రత్త మనుషులకు, అనుమానంతో కూడిన ఓర్పు జంతువుకు రక్షణ ఇస్తాయి.

9. మీరు ఏం నేర్చుకున్నారు?

• రాత్రి ఫొటోలో రంగు, కళ్ల మెరుపు నమ్మదగిన ఆధారాలు కావు.
• కొలత, ఆకారం, మచ్చలు, చోటు అనే వరసలో పరిశీలించాలి.
• ఒక్క గుర్తుతో తేల్చకూడదు. అన్ని గుర్తులూ కలవాలి.
• పేరు తేలకపోయినా జాగ్రత్త మానకూడదు.

10. మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

(అ) ఫొటోలో మీటరు కర్ర 4 సెం.మీ., జంతువు భుజం ఎత్తు 2.6 సెం.మీ. ఉంది. జంతువు అసలు ఎత్తు ఎంత? మీరేం చేస్తారు?
(ఆ) రాత్రి ఫొటోలో తెల్లగా కనిపించిన పిల్లిని "తెల్లపిల్లి" అనవచ్చా?
(ఇ) కెమెరా వైపు తోక తిప్పి నిలిచిన జంతువును చూసి "తోక పొట్టి" అని రాయవచ్చా?

జవాబులు

(అ) 65 సెం.మీ. ఇది ఎదిగిన చిరుత ఎత్తుకు సరిపోతుంది. మిగిలిన గుర్తులు చూసేలోపే అటవీశాఖకు తెలపాలి.
(ఆ) అనకూడదు. పరారుణ కాంతిలో అసలు రంగు తెలియదు.
(ఇ) రాయకూడదు. పక్కగా నిలిచిన ఫొటో కోసం వేచి చూడాలి.