సభలో తలయూపుట

పదిమంది కూడి యోచించినచో పొరపాటు జరుగదని మనవారి నమ్మకము. కాని కూసుమంచి మండల కార్యాలయ సమావేశమైనను, హైదరాబాదులోని మహాసంస్థ పాలకమండలియైనను, అధ్యక్షుని అభిప్రాయము ముందే వెల్లడియైన పిమ్మట భిన్నస్వరము వినిపించుట అరుదు.

ఉదాహరణకు, 2008 డిసెంబరు 16న హైదరాబాదు సాఫ్ట్‌వేరు సంస్థయైన సత్యం కంప్యూటర్స్ డైరెక్టర్లు, పేరొందిన ఆచార్యులును, విశ్రాంత ఉన్నతాధికారియు తమలో ఉన్నప్పటికిని, ఛైర్మన్ కుటుంబమునకు సంబంధించిన మేటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనుటకు ఏకగ్రీవముగా సమ్మతించిరి. మదుపరులు మండిపడగా కొన్ని గంటలలోనే ఆ నిర్ణయమును వెనుకకు తీసికొనవలసివచ్చెను.

ఐకమత్యముపై మక్కువ విమర్శనాశక్తిని మింగివేయునని అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త ఇర్వింగ్ జానిస్ 1972లో వివరించెను. కావున నాయకుడు కడపట మాటాడవలెను. ఆక్షేపించు బాధ్యతను ఒకరికి అప్పగించవలెను. సంతకములకు ముందే అభ్యంతరములను మినిట్సు పుస్తకమున వ్రాయించవలెను.