నక్షత్రాలు చెప్పని సంగతులు: మహానగరంలో హోటల్ గది ఎంపిక

మహానగరంలో ఖరీదైన హోటల్ అతిథికి అమ్మేది ప్రధానంగా రాత్రి నిద్ర. పాలరాతి లాబీ, షాండ్లియర్లు, ఈతకొలను, రకరకాల రెస్టారెంట్లు మెలకువగా ఉన్నప్పుడు పనికొచ్చేవి. పనిమీద నగరానికి వచ్చినవారు గదిలో గడిపే సమయంలో ఎక్కువ భాగం నిద్రలోనే గడుస్తుంది. ఆ ఏడెనిమిది గంటలు ఎలా గడుస్తాయో నిర్ణయించేవి శబ్దం, వెలుతురు, చల్లదనం, గాలి. వీటికి నీటి శుభ్రత, అగ్నిప్రమాదం నుంచి రక్షణ తోడవుతాయి. ఈ ఆరింటినీ కొలవడానికి సాధనాలున్నాయి, ప్రమాణాలున్నాయి. హోటల్ ప్రకటనల్లోని ఫోటోల్లో మాత్రం వీటిలో ఏదీ కనిపించదు.

నక్షత్రాల లెక్క

మన దేశంలో హోటళ్లకు స్టార్ హోదా ఇచ్చేది కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ. ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు, ఆపైన ఫైవ్ స్టార్ డీలక్స్ ఉంటాయి. 1950కి ముందు కట్టిన కోటలు, రాజభవనాలు, హవేలీలలో నడిచే హోటళ్లకు హెరిటేజ్ అనే వేరే వర్గం ఉంది. హోదా ఐదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ తనిఖీ జరగాలి. ఈ వర్గీకరణ స్వచ్ఛందం. కోరుకున్న హోటళ్లే దరఖాస్తు చేసుకుంటాయి. ఒక హోటల్‌కు నక్షత్రాలు లేనంత మాత్రాన అది నాసిరకమని అనుకోనక్కరలేదు.

ప్రపంచమంతటికీ ఒకే స్టార్ పద్ధతి లేదు. ఐరోపాలో కొన్ని దేశాలు 2009లో హోటల్‌స్టార్స్ యూనియన్‌గా ఏర్పడి ఉమ్మడి ప్రమాణాలు పెట్టుకున్నాయి. అమెరికాలో ప్రైవేటు గైడ్లే నక్షత్రాలు ఇస్తాయి. తరచూ వినిపించే ‘సెవెన్ స్టార్’ హోదాకు అధికారిక ఆధారం లేదు. పద్ధతి ఏదైనా తనిఖీదారులు ప్రధానంగా చూసేది గది వైశాల్యం, రెస్టారెంట్లు, సిబ్బంది, సేవలు. గదిలో రాత్రి రెండు గంటలకు ఎన్ని డెసిబెల్స్ శబ్దం ఉంటుందో నక్షత్రాలను బట్టి తెలియదు.

దూరం కాదు, సమయం

నగరంలో హోటల్ ఎక్కడుందో కిలోమీటర్లలో కాక నిమిషాల్లో లెక్కించాలి. ముంబై ఇందుకు మంచి ఉదాహరణ. ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగా సాగిన ఆ నగరంలో పెద్ద హోటళ్లు కొన్ని గుంపులుగా ఉన్నాయి: దక్షిణ కొసన కొలాబా, నారిమన్ పాయింట్, మధ్యలో బాంద్రా-కుర్లా కాంప్లెక్స్, పడమటి తీరాన జుహూ, విమానాశ్రయం పక్కన సహార్, అంధేరి. 1903లో తెరిచిన తాజ్ మహల్ ప్యాలెస్ కొలాబాలో సముద్రానికి ఎదురుగా ఉంది. పని బాంద్రా-కుర్లాలో ఉన్నవారు కొలాబాలో దిగితే రోజూ రాకపోకలకే ఎంతో సమయం పోతుంది. అయితే 2025 అక్టోబరులో ఆరే నుంచి కఫ్ పరేడ్ దాకా 33.5 కిలోమీటర్ల భూగర్భ మెట్రో మార్గం పూర్తిగా అందుబాటులోకి రావడంతో, స్టేషన్‌కు నడిచి వెళ్లగల హోటళ్ల విలువ పెరిగింది.

హైదరాబాద్‌లోనూ ఇదే సూత్రం. శంషాబాద్ విమానాశ్రయం నుంచి గచ్చిబౌలికి సిగ్నళ్లు లేని ఔటర్ రింగు రోడ్డు ఉంది. సికింద్రాబాద్‌కు వెళ్లాలంటే ఊరి నడిబొడ్డు దాటాలి. దూరాల్లో తేడా కొద్ది కిలోమీటర్లే అయినా రద్దీ వేళ ప్రయాణ సమయంలో తేడా చాలా ఉంటుంది. పని మొదలయ్యే గంటకు రోడ్డు ఎలా ఉంటుందో మ్యాప్‌లో చూసి నిర్ణయించుకోవడం మేలు.

మొదటి రాత్రి మెదడు

కొత్త చోట మొదటి రాత్రి సరిగా నిద్ర పట్టదన్నది చాలామందికి అనుభవమే. నిద్ర పరిశోధకులు దీన్ని ‘మొదటి రాత్రి ప్రభావం’ అంటారు. 1960ల నుంచే ప్రయోగశాలల్లో దీన్ని గమనిస్తూ వచ్చారు. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మసాకో తమాకీ, యూకా ససాకీ బృందం 2016లో దీనికి ఒక కారణాన్ని చూపింది. కొత్త చోట గాఢనిద్రలో కూడా మెదడు రెండు భాగాలూ సమానంగా విశ్రమించవు. ఎడమ అర్ధగోళంలో కొంత భాగం తేలిక నిద్రలోనే ఉండి, కొత్త శబ్దాలకు త్వరగా స్పందిస్తుంది. మరో రాత్రి అదే చోట పడుకున్నప్పుడు ఈ తేడా కనిపించలేదు.

దీన్నిబట్టి రెండు సంగతులు తేలుతాయి. ముఖ్యమైన సమావేశమో, పరీక్షో, ఇంటర్వ్యూనో ఉన్నవారు వీలైతే ఒక రాత్రి ముందుగానే చేరుకోవాలి. ఒక్క రాత్రి బసకైతే గది నిశ్శబ్దంగా ఉండటం మరింత అవసరం, ఎందుకంటే ఆ రాత్రి మెదడు చిన్న అలికిడికి కూడా మేలుకుంటుంది.

శబ్దం

ధ్వని తీవ్రతను కొలిచే డెసిబెల్ కొలమానంలో పది పెరిగితే శక్తి పది రెట్లవుతుంది. చెవికి మాత్రం ఇంచుమించు రెట్టింపు మోతగా వినిపిస్తుంది. పడకగదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని, ఉన్నట్టుండి వచ్చే చప్పుళ్లు 45కు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. రద్దీ రోడ్డు పక్కన 70 డెసిబెల్స్ మామూలే. అంటే గోడ, కిటికీ కలిసి 40 డెసిబెల్స్ తగ్గించాలి. బయటి ధ్వని శక్తిలో పదివేలలో ఒక వంతే లోపలికి రావాలన్నమాట.

గోడలకు ఇది కష్టం కాదు. బరువు రెట్టింపయితే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ అదనంగా తగ్గుతుంది. నిజాం కాలపు ఫలక్‌నుమా వంటి పాత భవనాల మందపాటి గోడలకున్న సుగుణం ఇదే. అసలు బలహీనత కిటికీలో ఉంది. అద్దాన్ని మందం చేసుకుంటూ పోవడం ఖర్చుతో కూడిన పని. అందుకే మధ్యలో గాలి ఖాళీ వదిలి రెండు అద్దాలు బిగిస్తారు. రెండూ ఒకే మందమైతే ఒకే పౌనఃపున్యపు ధ్వనికి రెండూ కలిసి కంపించి దాన్ని లోపలికి వదిలేస్తాయి. కాబట్టి మంచి కిటికీలో ఒక అద్దం పలుచగా, మరొకటి మందంగా ఉంటాయి. కంపనాన్ని మింగడానికి ఒక అద్దంలో ప్లాస్టిక్ పొర కూడా ఉంటుంది.

ఎంత మంచి అద్దమైనా సందు ఉంటే వృథా. కిటికీ వైశాల్యంలో నూటికి ఒక వంతు తెరిచి ఉన్నా శక్తిలో నూటికి ఒక వంతు నేరుగా లోపలికి వస్తుంది. అప్పుడు తగ్గుదల 20 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతుంది. అందుకే చట్రం చుట్టూ ఉండే రబ్బరు పట్టీలకు అద్దానికున్నంత ప్రాముఖ్యం ఉంది. పాత హోటళ్లలో గోడలు మేలైనవైనా, చెక్క కిటికీల సందుల వల్ల నిద్ర చెడేది ఇందుకే.

పై అంతస్తు అడిగితే చాలు, శబ్దం పోతుందనుకోవడం సగమే నిజం. బారులు తీరిన వాహనాల రోడ్డు పొడవాటి ధ్వని మూలం. దాని నుంచి దూరం రెట్టింపయినా తగ్గేది 3 డెసిబెల్సే. పైకి వెళ్లేకొద్దీ మరిన్ని రోడ్లు చూపులోకి వస్తాయి, వాటి శబ్దమూ చేరుతుంది. అదే అంతస్తులో రోడ్డుకు అవతలి వైపు గది తీసుకుంటే భవనమే అడ్డుగోడగా నిలుస్తుంది. నగరం కనిపించే గది, నిశ్శబ్దంగా ఉండే గది తరచూ ఒకటి కావు.

హోటల్ లోపలి శబ్దాల దారి వేరు. లిఫ్టు యంత్రం, నీటి పంపులు, పై అంతస్తులో జిమ్, కింద పెళ్లి విందు జరిగే హాలులోని స్పీకర్ల దరువు కాంక్రీటు గుండా ప్రయాణించి గది చేరతాయి. తక్కువ పౌనఃపున్యపు ధ్వనులను ఆపడం అన్నింటికన్నా కష్టం. పక్క గదిలోకి తలుపు ఉన్న గది, లిఫ్టు పక్క గది, సామాను బండ్లు తిరిగే సర్వీసు గది పక్కది వద్దని బుకింగ్ సమయంలోనే చెప్పవచ్చు.

వెలుతురు, చల్లదనం

కంటి వెనుక పొరలో చూపుతో పెద్దగా సంబంధం లేని కొన్ని కణాలున్నాయి. 480 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతికి ఇవి ఎక్కువగా స్పందించి, పగలైందని మెదడుకు కబురు పంపుతాయి. అప్పుడు నిద్రకు దోహదం చేసే మెలటోనిన్ తగ్గుతుంది. నియాన్ బోర్డులు, వీధి దీపాల నగరంలో వెలుతురును పూర్తిగా ఆపే కర్టెన్లు అవసరమయ్యేది ఇందుకే. మధ్యలో ఒకదానిపై ఒకటి పడుతూ, పక్కలకు గోడను అంటుకుని ఉన్న కర్టెన్లే పని చేస్తాయి. స్నానాల గదికి రాత్రి వేళ తెల్లటి దీపం కన్నా మసక పసుపు దీపం నయం.

నిద్రలోకి జారేటప్పుడు శరీరపు లోపలి ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ సెల్సియస్ తగ్గుతుంది. చేతులు, కాళ్లలో రక్తనాళాలు వ్యాకోచించి వేడిని బయటికి వదులుతాయి. గది వేడిగా, ఉక్కగా ఉంటే ఈ పని సాగదు. పెద్ద హోటళ్లలో ఒక కేంద్రంలో చల్లబరిచిన నీటిని పైపుల ద్వారా ప్రతి గది సీలింగులోని ఫ్యాన్ యూనిట్‌కు పంపుతారు. ఉష్ణోగ్రతను మార్చుకునే అధికారం నిజంగా అతిథి చేతిలో ఉందా, ఫ్యాన్ చప్పుడు మంచం దాకా వినిపిస్తుందా అన్న రెండు విషయాలు గదిలో అడుగుపెట్టగానే చూడాలి.

గాలి

మూసిన గదిలో ఇద్దరు పడుకుంటే వారు వదిలే కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. బయటి గాలిలో ఇది సుమారు 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420). గదిలో వెయ్యి దాటితే తాజా గాలి సరిపోవడం లేదని అర్థం. విద్యార్థుల వసతిగదుల్లో డెన్మార్క్ పరిశోధకులు చేసిన ప్రయోగంలో, గాలి బాగా ఆడిన రాత్రుల తర్వాత నిద్ర మెరుగ్గా ఉంది, మర్నాడు ఏకాగ్రత పరీక్షల్లో ఫలితాలూ మెరుగయ్యాయి. కిటికీలు తెరుచుకోని ఎత్తయిన హోటళ్లలో బయటి గాలిని శుద్ధిచేసి గదులకు పంపే ఏర్పాటు విడిగా ఉండాలి.

శీతకాలపు ఢిల్లీ వంటి చోట్ల బయటి గాలే కలుషితం. పీఎం 2.5 కణాలు రోజు సగటున ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన దేశ ప్రమాణం 60. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల కణాలను కూడా 99.97 శాతం ఆపుతుంది. ఉబ్బసం ఉన్నవారు గదిలో ఇలాంటి ఫిల్టరు ఉందో లేదో కనుక్కోవడం తప్పనిసరి.

నీరు

1976 జులైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బెల్వ్యూ-స్ట్రాట్‌ఫర్డ్ అనే పేరున్న హోటల్లో మాజీ సైనికుల సంఘం సమావేశం జరిగింది. ఆ తర్వాత అంతుచిక్కని న్యుమోనియాతో 34 మంది చనిపోయారు. 1977 జనవరిలో జోసెఫ్ మెక్‌డేడ్ దీనికి కారణమైన బ్యాక్టీరియాను గుర్తించాడు. దానికి లీజియోనెల్లా అని పేరు పెట్టారు. 20 నుంచి 45 డిగ్రీల నీటిలో ఇది పెరుగుతుంది, తుంపరల ద్వారా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకే హోటళ్లు వేడినీటి ట్యాంకును 60 డిగ్రీల దగ్గర ఉంచి, పైపుల్లో నీరు నిలవకుండా నిరంతరం తిప్పుతుండాలి. కుళాయి తిప్పిన కొద్ది క్షణాల్లోనే బాగా వేడినీళ్లు రావడం ఆ వ్యవస్థ సరిగా నడుస్తోందనడానికి ఒక సూచన. చాలాసేపటికీ గోరువెచ్చగానే వస్తే అది అసౌకర్యం ఒక్కటే కాదు, ఫిర్యాదు చేయదగ్గ లోపం.

నిప్పు, పొగ

1980 నవంబరు 21న లాస్ వేగాస్‌లోని ఎంజీఎం గ్రాండ్ హోటల్లో అగ్నిప్రమాదం 85 మందిని బలిగొంది. మంట కింది అంతస్తులోని రెస్టారెంటులో పుట్టింది. చనిపోయినవారిలో ఎక్కువమంది మంటకు ఎంతో దూరంగా, పై అంతస్తుల్లో ఉన్నవారు. మెట్ల మార్గాలు, లిఫ్టు గోతులు, గాలి గొట్టాల గుండా పైకెక్కిన పొగ వారి ప్రాణాలు తీసింది. మంట పుట్టిన చోట స్ప్రింక్లర్లు లేవు. 1990లో అమెరికా ప్రత్యేక చట్టం చేసి, హోటళ్లలో స్ప్రింక్లర్లు, పొగను పసిగట్టే పరికరాలు పెట్టడాన్ని ప్రోత్సహించింది.

స్ప్రింక్లర్‌లోని చిన్న గాజు గొట్టంలో ద్రవం ఉంటుంది. ఎరుపు రంగుదైతే 68 డిగ్రీల దగ్గర పగిలి నీటిని వదులుతుంది. మంట ఉన్న చోటే పని చేస్తుంది, సినిమాల్లో చూపినట్టు అంతస్తంతా ఒకేసారి తడవదు. సీలింగుకు స్ప్రింక్లర్, పొగ పరికరం, తనంతట మూసుకునే తలుపు, రెండు వేర్వేరు మెట్ల మార్గాలు ఉన్నాయా అని చూడటానికి రెండు నిమిషాలు చాలు. తలుపు నుంచి మెట్ల దాకా మధ్యలో ఎన్ని గదులున్నాయో లెక్కపెట్టుకుంటే, పొగలో గోడ తడుముకుంటూ అయినా చేరవచ్చు.

ధర ఎందుకు మారుతుంది

ఒకే గదికి సోమవారం ఒక ధర, శనివారం మరో ధర ఉండటం వెనుక గణితం ఉంది. బ్రిటిష్ విమాన సంస్థలో పనిచేసిన కెన్నెత్ లిటిల్‌వుడ్ 1972లో దీనికి ఒక సూత్రం ఇచ్చాడు. విమాన సీట్ల కోసం పుట్టిన ఆ లెక్క తర్వాత హోటళ్లకు పాకింది. ఒక గదిని ముందుగా వచ్చినవారికి 12,000కు అమ్మవచ్చు, చివరి నిమిషంలో వచ్చేవారికి 20,000కు అమ్మవచ్చు అనుకుందాం. అంత పెట్టే అతిథి వచ్చే అవకాశం 60 శాతం కన్నా తక్కువైతే ఇప్పుడే 12,000కు అమ్మడం హోటల్‌కు లాభం, ఎక్కువైతే ఆగడం లాభం. వ్యాపార కేంద్రాల్లోని హోటళ్లు వారాంతంలో చవకవుతాయి, విహార స్థలాల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. ముందే చెల్లించి, రద్దు చేసుకోలేని ధర తక్కువగా ఉండేది కూడా ఈ అనిశ్చితి తగ్గుతుంది కాబట్టే.

మన దేశంలో రోజుకు 7,500 రూపాయలు దాటిన గదులపై 18 శాతం జీఎస్టీ ఉంది. 15,000 గది 17,700 అవుతుంది. పన్ను, అల్పాహారం, విమానాశ్రయానికి కారు ఖర్చు కలిపిన మొత్తాలనే ఒకదానితో ఒకటి పోల్చాలి.

గది బుక్ చేసేముందు హోటల్‌కు ఫోన్ చేసి అడగాల్సినవి కొన్నే. గది రోడ్డు వైపా, వెనుక వైపా? కిటికీకి రెండు అద్దాలున్నాయా? ఆ తేదీల్లో కింద పెళ్లిళ్లు, పక్కన నిర్మాణ పనులు ఉన్నాయా? తాజా గాలి ఎలా అందుతుంది? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పగల హోటల్ నాలుగు నక్షత్రాలదైనా, చెప్పలేని ఐదు నక్షత్రాల హోటల్ కన్నా మంచి ఎంపికే.