పూచీ, ఆస్తి: విచారణ ఖైదీల విడుదలలో సమాజం పాత్ర

వ్యాస సంగ్రహం

బెయిలు మంజూరైన తరువాత కూడా జామీనుదారులు దొరకక చెరసాలలోనే ఉండిపోయే విచారణ ఖైదీల సమస్యను ఈ వ్యాసం వివరిస్తుంది. అమెరికాలోని సామాజిక బెయిలు నిధుల తీరును మన న్యాయస్థానాల జామీను పద్ధతితో పోల్చి, మనకు సొమ్ముకంటె ముందు పూచీపడే మనుషుల అవసరం ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విచారణ ఖైదీ, బెయిలు, పూచీకత్తు, స్థానిక జామీను, వలస కూలీ, బెయిలు నిధి.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదుకు పడమటి అంచున ఉన్న శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ మండలాలలో పొలాల మధ్యనే ఫామ్‌హౌస్‌లు, లేఅవుట్లు వెలిశాయి. వాటిని కట్టే చేతులలో చాలామటుకు ఒడిశా, బిహార్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చినవి. అటువంటి ఒక తాపీ కూలీపై చిన్న దొంగతనం కేసు నమోదైందనుకుందాం. న్యాయస్థానం కొన్ని వేల రూపాయల బాండుపై, ఇద్దరు జామీనుదారుల పూచీపై బెయిలు మంజూరు చేస్తుంది. జామీనుదారు పట్టాదారు పాసుపుస్తకమో, ఇంటిపన్ను రసీదో, జీతపు ధ్రువపత్రమో చూపాలి. ఇక్కడ భూమి ఉన్నవారికి ఆ కూలీ తెలియదు. అతడు తెలిసినవారికి ఇక్కడ భూమి లేదు. ఫలితంగా బెయిలు కాగితంపై ఉంటుంది, మనిషి లోపల ఉంటాడు. ఈ ఉదాహరణ ఊహించినదే అయినా, ఇందులోని చిక్కు మాత్రం న్యాయస్థానాలు పలుమార్లు గుర్తించినది.

2. మాటలో ఉన్న మనిషి

తెలుగులో ‘పూచీ’ అంటే బాధ్యత. ‘వాడికి నాది పూచీ’ అన్నప్పుడు పలికినవాని మాటే హామీ. ‘జామీను’ అనే మాటకు మూలమైన అరబ్బీ పదం కూడా పూచీపడే మనిషినే సూచిస్తుంది. అంటే రెండు మాటల్లోనూ ముందున్నది మనిషి, అతని పరిచయం, అతని మాట విలువ. న్యాయస్థాన వ్యవహారంలో ఆ మనిషి స్థానంలోకి క్రమంగా ఆస్తిపత్రం వచ్చింది. నిందితుని ఎరిగినవాడా కాదా అన్న ప్రశ్న వెనుకబడి, ఎంత ఆస్తి ఉన్నదన్న ప్రశ్న ముందుకు వచ్చింది. నిందితుని ముఖమైనా ఎరుగకుండా రుసుము పుచ్చుకొని సంతకం చేసే వృత్తి జామీనుదారులు పుట్టింది ఈ ఖాళీలోనే.

3. 1978 నుంచి 2023 వరకు

మోతీరామ్ కేసు (1978) ఈ చర్చకు పునాది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తాపీమేస్త్రీకి సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. అక్కడి మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను కోరి, అతని సోదరుడు ముందుకు వస్తే, అతడూ అతని ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయని తిరస్కరించాడు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత బాండుపై విడుదలకు ఆదేశించారు. ఒక తెలుగువాడో, తమిళుడో, మలయాళియో బస్తర్‌లోనో ఢిల్లీ చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుని ఎలా తేగలడన్నది ఆయన వేసిన ప్రశ్న. నేడు ఆ ప్రశ్న దిశ మారింది. శంకర్‌పల్లిలో ఒడియా కూలీ ఏం చేయాలన్నది మనం జవాబు చెప్పవలసిన ప్రశ్న.

మరుసటి ఏడు హుస్సేనారా ఖాతూన్ కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి, నిందితునికి సమాజంలో ఉన్న వేళ్లను, అంటే నివాసాన్ని, ఉపాధిని, కుటుంబ బంధాలను చూసి సొంత బాండుపై విడుదల చేయవచ్చని చెప్పారు. తరువాత 2005 నాటి సవరణ, బెయిలు పొందదగిన నేరాలలో వారం లోపు జామీను ఇవ్వలేనివారిని నిరుపేదలుగా భావించి జామీను లేకుండా విడుదల చేయాలన్నది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 479వ సెక్షన్, మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరాలను మినహాయించి, గరిష్ఠ శిక్షలో సగకాలం గడిపిన విచారణ ఖైదీకి, తొలిసారి నిందితుడైతే మూడోవంతు గడిపినవానికి విడుదల మార్గం చూపింది. ఒకటికి మించి కేసులున్నవారికి ఇది వర్తించదు.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు మరీ గమనింపదగినవి. బెయిలు వచ్చి ఏడు రోజులైనా విడుదల కానివారి సంగతి కారాగార అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోపు బాండు సమర్పించలేకపోతే షరతుల సడలింపును న్యాయస్థానం తానుగా పరిశీలించవచ్చు. విడుదలలో జాప్యానికి స్థానిక జామీను పట్టుదల ఒక కారణమని గుర్తించి, అటువంటి షరతు విధించవద్దని సూచించింది. మోతీరామ్ తీర్పు వచ్చిన 45 ఏళ్లకు మళ్లీ అదే మాట చెప్పవలసి వచ్చిందంటే, ఆచరణ చట్టాన్ని అందుకోలేదని అర్థం.

4. నిర్బంధం చేసే హాని

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివర దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది, అంటే 75.8 శాతం, విచారణ ఖైదీలే. చట్టం దృష్టిలో వీరు నేరం రుజువు కానివారు. అయినా దినకూలీకి మొదటి వారంలోనే పని పోతుంది, తరువాత అద్దె గది పోతుంది, పిల్లల చదువు ఆగుతుంది. బయట ఉన్నవాడు న్యాయవాదిని కలిసి సాక్షులను వెదకగలడు. లోపలివాడు ములాఖత్ కోసం ఎదురుచూస్తాడు. చేయని నేరాన్ని ఒప్పుకుంటే త్వరగా బయటపడవచ్చన్న ఆలోచన అక్కడే మొలకెత్తుతుంది.

తెలుగు సాహిత్య చరిత్రకూ ఈ అనుభవం కొత్తది కాదు. కవులు నిందితులుగా 1974లో మొదలైన సికింద్రాబాద్ కుట్రకేసు 1989లో నిర్దోషిత్వ తీర్పుతో ముగిసింది. చెరబండరాజు 1982లోనే, నిందితుడుగానే కన్నుమూశారు. వరవరరావుకు 2021 ఫిబ్రవరి 22న బొంబాయి హైకోర్టు వైద్య కారణాలపై బెయిలు ఇచ్చింది, ఆయన విడుదలైనది మార్చి 6న. ముంబయి దాటి వెళ్లరాదన్నది షరతు. పేరున్న కవి విడుదలకే అన్ని రోజులు పట్టినప్పుడు, పేరు లేని కూలీ సంగతి ఊహించవచ్చు.

5. బెయిలు నిధుల అనుభవం

అమెరికాలో చాలా రాష్ట్రాలలో బెయిలంటే నగదు. అందువల్ల అక్కడి పరిష్కారమూ నగదు రూపంలోనే వచ్చింది. బెయిలు నిధులు 1920లలోనే కనిపించినా, 2007లో న్యూయార్క్‌లో మొదలైన బ్రాంక్స్ ఫ్రీడమ్ ఫండ్ వంటివి వాటికి నేటి రూపం ఇచ్చాయి. దాతలు ఇచ్చిన సొమ్ము న్యాయస్థానంలో కడతారు. నిందితుడు వాయిదాలకు హాజరైతే కేసు ముగిశాక అది తిరిగి వస్తుంది, మరొకరికి పనికివస్తుంది. 2023 సెప్టెంబరులో ఇల్లినాయ్ రాష్ట్రం నగదు బెయిలునే రద్దు చేసింది.

వలస నిర్బంధంలో మాత్రం సొమ్ముతో పాటు మనిషి కూడా కావాలి. అక్కడి బాండు కనీసం 1,500 డాలర్లు. కట్టేవారికి ఆ దేశంలో చట్టబద్ధమైన హోదా ఉండాలి. 2019 జనవరిలో మిచిగాన్‌లోని ఫార్మింగ్టన్ అనే బూటకపు విశ్వవిద్యాలయం కేసులో 129 మంది భారతీయ విద్యార్థులు పట్టుబడ్డారు. వారిలో తెలుగువారే ఎక్కువ. ఆ విశ్వవిద్యాలయాన్ని నడిపినది అమెరికా ప్రభుత్వ అధికారులే. నాడు తెలుగు సంఘాలు న్యాయవాదులను సమకూర్చి విద్యార్థులకు అండగా నిలిచాయి. పరాయి గడ్డపై పూచీ విలువ మనకు తెలిసిన సందర్భమది.

6. మనకు తగిన రూపం

కేంద్ర ప్రభుత్వం 2023లో పేద ఖైదీల సహాయ పథకం ప్రవేశపెట్టింది. విచారణ ఖైదీకి జిల్లా కమిటీ ద్వారా సాయం అందించే వీలుంది, 2023లో ఆ పరిమితి 40,000 రూపాయలు. ఇది మేలైన అడుగే. అయితే మన బెయిలు ఉత్తర్వు సాధారణంగా అడిగేది నగదును కాదు, జామీనుదారుని. బాండుకు బదులు నగదు కట్టనివ్వడం న్యాయస్థానం విచక్షణపై ఆధారపడినది. కనుక అమెరికా నమూనాను ఉన్నదున్నట్లు తెస్తే తాళం ఒకటి, చెవి మరొకటి అవుతుంది.

మనకు కావలసింది జామీనుదారుల బృందం. జామీనుదారు ముందుగా సొమ్ము కట్టనక్కరలేదు. నిందితుడు హాజరు కానప్పుడే బాండు జప్తయ్యే ప్రమాదం ఉంది. నిధి ఉండవలసింది ఆ ప్రమాదాన్ని భరించడానికి, వాయిదాల దారిఖర్చులకు. తాను ఎందరికి పూచీపడ్డాడో జామీనుదారు ప్రకటించాలని చట్టం కోరుతుంది గనుక ఒకరిద్దరిపై భారం మోపలేము. జాబితా విశాలంగా ఉండాలి. నిందితుని మేస్త్రీతో, ఇరుగుపొరుగుతో మాట్లాడి, వాయిదా తేదీలను అతని భాషలో గుర్తుచేసే బాధ్యతా ఆ బృందానిదే. అప్పుడది వృత్తి జామీనుకు భిన్నమవుతుంది.

7. ముగింపు

బెయిలు నిధి సొమ్ముల సంచి మాత్రమే కాదు, అపరిచితునికి పరిచయం కల్పించే ఏర్పాటు కూడా. జామీను షరతులను సడలించవలసిన బాధ్యత న్యాయస్థానాలదే. ఆ సడలింపు వచ్చేదాకా లోపల గడిచే రోజులు మాత్రం తిరిగి రావు. కళాశాల అధ్యాపకుని జీతపు ధ్రువపత్రం ఒక కూలీకి చెర విడుపు కాగలదు. దానివెంట కొంత ప్రమాదమూ ఉంది. ఆ ప్రమాదాన్ని పదిమంది పంచుకోవడమే పూచీ అన్న మాటకు మనం తిరిగి ఇవ్వగల అర్థం.