రాజ్-కోటి తొలి పాటలు - శ్రోతల అభిప్రాయాలు: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

రాజ్-కోటి జంట సంగీతదర్శకులుగా తెలుగు తెరకు పరిచయమైన చిత్రం ‘ప్రళయ గర్జన’ (1983). అయితే ఈ జంట ప్రస్తావన రాగానే శ్రోతలు సాధారణంగా ముందుగా తలచుకొనేది ‘యముడికి మొగుడు’ (1988) పాటలను. చరిత్రలోని తొలి కృతికీ, శ్రోతల మనసులోని తొలి కృతికీ మధ్య ఈ దూరం ఎందుకు ఏర్పడిందో వివరించడం, శ్రోతల అభిప్రాయాలను పరిశోధనకు ఆధారంగా స్వీకరించేటప్పుడు పాటించవలసిన విచక్షణను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశాలు.

కీలకపదాలు: రాజ్-కోటి, సినిమా పాట, శ్రోత, ఆకాంక్షాపరిధి, స్మృతి, హుషారు పాట.

1. ఉపోద్ఘాతం

తెలుగు సినిమా పాటపై జరిగిన పరిశోధన చాలావరకు సాహిత్యం చుట్టూ సాగింది. కవి ఎవరు, ఛందస్సు ఏమిటి, అలంకారాలు ఎలా ఉన్నాయి అన్న ప్రశ్నలకు మన సిద్ధాంతవ్యాసాల్లో సమాధానాలు దొరుకుతాయి. ఆ పాటను విన్నవారు ఏమనుకున్నారన్న ప్రశ్నకు సమాధానం అంత సులభంగా దొరకదు. ముఖ్యంగా వినోదమే ప్రధానంగా సాగిన 1980 దశకపు హుషారు పాటలు ఈ విషయంలో ఎక్కువగా నష్టపోయాయి. పెద్దగా సాహిత్యం లేదన్న కారణంతో వాటిని పక్కన పెట్టినప్పుడు, వాటిని కోరి విన్న ఒక తరం అభిరుచిని కూడా పక్కన పెట్టినట్లే అవుతుంది.

2. జంట నేపథ్యం

రాజ్ అసలు పేరు తోటకూర సోమరాజు. ఆయన సంగీతదర్శకుడు టి.వి.రాజు కుమారుడు. కోటి అసలు పేరు సాలూరి కోటేశ్వరరావు. ఆయన సాలూరి రాజేశ్వరరావు కుమారుడు. ఇద్దరూ చక్రవర్తి వద్ద సహాయకులుగా పనిచేసి, ఆ తరువాత జంటగా స్వతంత్రులయ్యారు. 1990 దశకం మధ్యలో విడిపోయేలోగా 100కు పైగా చిత్రాలకు కలిసి సంగీతం అందించారు. ‘హలో బ్రదర్’ (1994) చిత్రానికి నంది పురస్కారం అందుకొన్నారు. రాజ్ 2023 మే 21న హైదరాబాదులో మరణించారు.

3. తొలి కృతిని నిర్ణయించేది ఎవరు?

భారత ఉపఖండంలో 1980 దశకంలో జంటగా వెలువరించిన పాప్ ఆల్బమ్‌లలో ప్రసిద్ధమైనది ‘డిస్కో దీవానే’ (1981). నాజియా హసన్, జోహెబ్ హసన్ అనే అక్కాతమ్ముళ్లు పాడగా, బెంగళూరులో పుట్టిన బిడ్డు దానికి రూపకల్పన చేశారు. ఆ క్యాసెట్టు కొన్నవారికి తాము ఎవరిని వింటున్నారో ముందే తెలుసు. అట్టమీద ఉన్నది గాయకుల బొమ్మే. అందువల్ల ఆ ఆల్బమ్‌పై అభిప్రాయం నేరుగా ఆ జంటపై అభిప్రాయం అయింది.

తెలుగులో పరిస్థితి వేరు. ఇక్కడ పాట సినిమాలో భాగంగా వస్తుంది. క్యాసెట్టు అట్టమీద కథానాయకుడు ఉండేవాడు, సంగీతదర్శకుని పేరు చిన్న అక్షరాల్లో ఉండేది. కాబట్టి పాటపై అభిప్రాయం నటుని నృత్యం, చిత్రవిజయం, గాయకుని కంఠం అనే మూడు తెరలు దాటి గాని సంగీతదర్శకుని చేరదు. ‘ప్రళయ గర్జన’ వచ్చేనాటికి చక్రవర్తి బాణీలు తెలుగు శ్రోతల చెవుల్లో స్థిరపడి ఉన్నాయి. అదే బృందం నుంచి వచ్చిన ఇద్దరు యువకుల పనిని ప్రత్యేకంగా గుర్తించవలసిన అవసరం శ్రోతలకు కలగకపోవడం సహజం. ‘యముడికి మొగుడు’ నాటికి ఆ మూడు తెరలు తొలగలేదు. అయితే చిరంజీవి నృత్యం, చిత్రవిజయం పాటలను పదేపదే వినిపించాయి. పదేపదే విన్న తరువాతే ఇవి ఎవరి పాటలన్న ప్రశ్న పుడుతుంది. శ్రోతల దృష్టిలో ఒక జంట జన్మించేది ఆ ప్రశ్నతోనే.

జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యౌస్ ప్రతిపాదించిన ‘ఆకాంక్షాపరిధి’ అనే భావన ఇక్కడ ఉపకరిస్తుంది. కొత్త కృతిని పాఠకులు ఖాళీ మనసుతో స్వీకరించరు, అప్పటికే చదివినవాటి వల్ల ఏర్పడిన అంచనాలతో స్వీకరిస్తారు. 1983 నాటి శ్రోతల అంచనాలు వేరు. 1986లో ‘సింహాసనం’ ద్వారా బప్పీ లహరి డిస్కో లయను విన్న తరువాత 1988 నాటి శ్రోతల అంచనాలు వేరు. ఒకే జంటపై రెండు కాలాల అభిప్రాయాలను పోల్చేటప్పుడు ఈ తేడాను గమనించాలి.

4. అభిప్రాయాల్లోని పదజాలం

హుషారు పాటల గురించి శ్రోతలు వాడే మాటలు కొన్నే: ఊపు, బీటు, హోరు, మెలోడీ. వీటిలో ‘బీటు’ రెండువైపులా పదునున్న మాట. కాలు కదిపించిందని మెచ్చుకొనేవారూ, మాట వినపడనీయలేదని నొచ్చుకొనేవారూ అదే పదాన్ని వాడతారు. అందువల్ల మాటను మాత్రమే నమోదు చేస్తే చాలదు. ఆ పాటను వారు ఎక్కడ విన్నారన్నది కూడా నమోదు చేయాలి. రేడియోలో ఒంటరిగా విన్నవారికి సాహిత్యం ముఖ్యమవుతుంది. వినాయక మండపం దగ్గర మైకులోనో, పెళ్లి ఊరేగింపులో బ్యాండుమేళంలోనో విన్నవారికి లయ ముఖ్యమవుతుంది. బ్యాండుమేళంలో సాహిత్యం అసలు ఉండదు. అయినా జనం పాటను గుర్తుపడతారంటే ఆ బాణీకి స్వతంత్రమైన బలం ఉన్నట్లే.

మన ఆలంకారికులు చెప్పిన సహృదయుడు కావ్యాభ్యాసంతో మనసును అద్దంలా తీర్చిదిద్దుకొన్నవాడు. హుషారు పాట శ్రోతలకు ఆ అభ్యాసం పుస్తకాల నుంచి రాదు, గుంపులో కలిసి వినడం నుంచి వస్తుంది. వారిని సహృదయులు కారని కొట్టిపారేయడం కన్నా, వారి అభ్యాసం ఏమిటో తెలుసుకోవడం పరిశోధకునికి ప్రయోజనకరం.

5. తరువాతి జ్ఞానం వేసే రంగు

ఎ.ఆర్.రెహమాన్ ‘రోజా’ (1992)కు ముందు రాజ్-కోటి వద్ద కీబోర్డు వాయించారు. నేడు ఆ జంట పాటలు వింటూ, వాటిలో రెహమాన్ స్పర్శ ఉందనే శ్రోతలు ఉన్నారు. అది నిజమే కావచ్చు. కాని 1988లో ఎవరికీ కలగడానికి వీలులేని అభిప్రాయం అది. అలాగే విడిపోయిన తరువాత 1995లో రాజ్ ‘సిసింద్రీ’కి, కోటి ‘పెదరాయుడు’కు విడివిడిగా సంగీతం అందించారు. ఆ చిత్రాలు విన్నవారు వెనక్కి వెళ్లి, పాత పాటల్లో ఇది రాజ్‌ది, ఇది కోటిది అని పంచిపెట్టే అవకాశం ఉంది. ఇటువంటి అభిప్రాయాలు విలువలేనివి కావు. అయితే అవి తొలి శ్రవణానికి సాక్ష్యాలు కావు, స్మృతి ఎలా మారుతుందో తెలిపే సాక్ష్యాలు.

కాబట్టి ప్రతి అభిప్రాయాన్నీ మూడు భాగాలుగా నమోదు చేయడం మేలు: మొదటిసారి విన్నప్పటి జ్ఞాపకం, ఇప్పుడు విన్నప్పటి స్పందన, మధ్యలో తెలుసుకొన్న సమాచారం.

6. క్షేత్రం: సుచిత్ర పరిసరాలు

ఇటువంటి సేకరణకు మేడ్చల్ మార్గంలోని సుచిత్ర, కొంపల్లి ప్రాంతాలు అనువైనవి. పక్కనే ఉన్న జీడిమెట్ల పారిశ్రామికవాడ వల్ల అనేక జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవారు ఇక్కడ ఉన్నారు. శామీర్‌పేట వైపు పల్లెల్లో పుట్టి పెరిగినవారూ అందుబాటులో ఉన్నారు. ఒకే పాటను ఒకరు ఊరి టూరింగ్ టాకీసులో, మరొకరు నగరపు థియేటరులో, ఇంకొకరు దూరదర్శన్ ‘చిత్రలహరి’లో మొదట విని ఉండవచ్చు. కళాశాల విద్యార్థులు తమ ఇంటి పెద్దలతోనే ఈ పని మొదలుపెట్టవచ్చు. అయితే పాట వినిపించక ముందే జ్ఞాపకాన్ని అడగాలి. ముందుగా పాట వినిపిస్తే నేటి స్పందన నాటి జ్ఞాపకాన్ని కప్పివేస్తుంది.

7. ముగింపు

సంగీతదర్శకుల తొలి కృతిని తేదీ నిర్ణయిస్తుంది. శ్రోతల తొలి కృతిని మాత్రం గుర్తింపు నిర్ణయిస్తుంది. రాజ్-కోటి విషయంలో ఈ రెండింటి మధ్య ఐదేళ్ల దూరం ఉంది. ఆ దూరాన్ని శ్రోతల మరపుగా కాక, తెలుగు పాట సినిమా ద్వారానే జనానికి చేరే పద్ధతికి ఫలితంగా చూడాలి. 1983లో ఇరవై ఏళ్లున్న శ్రోతలు ఇప్పుడు అరవై దాటారు. ‘ప్రళయ గర్జన’ పాటలను విడుదలైన రోజుల్లోనే విన్నవారి మాటలు ఇంకా వారి దగ్గరే ఉన్నాయి. వాటిని నమోదు చేయకపోతే, ఈ జంట తొలి అడుగుల గురించి మనకు చిత్రాల జాబితా మాత్రమే మిగులుతుంది.