తాళం తప్పని తడబాటు: జే డిల్లా తొలి ఆల్బమ్

ప్రొడ్యూసర్ అనగానే తెలుగు పాఠకుడికి గుర్తొచ్చేది డబ్బు పెట్టే సినిమా నిర్మాత. హిప్-హాప్‌లో ఆ మాటకు అర్థం వేరు. పాట కింద పరుచుకున్న లయ, బాణీ, పాత రికార్డుల నుంచి కోసి తెచ్చిన శబ్దపు తునకలు, వాటి కూర్పు, అన్నీ ప్రొడ్యూసర్ పనే. మన సంగీత దర్శకుడికి అతడు దగ్గరి బంధువు. అయితే సినిమా పాటను ఎవరు స్వరపరిచారో మనవాళ్ళు గాయకుడి పేరుతో సమానంగా గుర్తుంచుకుంటారు. ర్యాప్ శ్రోతల్లో అధికభాగం మైకు పట్టుకున్నవాడినే కర్తగా తలుస్తారు. అటువంటి తెరవెనుక మనిషి తన పేరు మీద మొదటి ఆల్బమ్ తెచ్చినప్పుడు ఒక ప్రశ్న తప్పదు: ఇతరుల మాటలు తీసేస్తే అతడు చెప్పదలచినది ఏమిటి? ఈ ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో అత్యంత విలక్షణమైనవాటిలో ఒకటి 2001లో వెలువడిన 'వెల్‌కం టు డిట్రాయిట్'.

జే డిల్లా అసలు పేరు జేమ్స్ డెవిట్ యాన్సీ. 1974 ఫిబ్రవరి 7న డిట్రాయిట్‌లో పుట్టాడు. తల్లి మొరీన్ ఆపెరా నేర్చిన గాయని, తండ్రి డెవిట్ జాజ్ బేస్ వాదకుడు. వాళ్ళుండే కోనంట్ గార్డెన్స్ పేటలోనే జార్జ్ క్లింటన్ బృందంలో కీబోర్డు వాయించిన యాంప్ ఫిడ్లర్ ఉండేవాడు. ఆకై సంస్థ ఎంపీసీ యంత్రం మీద డిల్లాకు ఓనమాలు దిద్దించినది ఆయనే. 1994లో అతడిని 'ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్' బృందపు క్యూ-టిప్‌కు పరిచయం చేసినదీ ఆయనే. అప్పటినుంచి డిల్లా చేసిన పనిలో చాలాభాగం 'ది ఉమ్మా' అనే ఉమ్మడి పేరు కింద వెలువడింది. దాంతో అతడి పాటలు అభిమానించిన లక్షలమందికి అతడి పేరు తెలియలేదు. చిన్ననాటి స్నేహితులతో కట్టిన 'స్లమ్ విలేజ్' బృందంలో అతడు ర్యాప్ కూడా చేశాడు. అయినా ముగ్గురిలో ఒకడు.

లండన్‌కు చెందిన చిన్న రికార్డు సంస్థ బి.బి.ఇ., అంటే బేర్లీ బ్రేకింగ్ ఈవెన్, ప్రొడ్యూసర్లకే పెద్దపీట వేస్తూ 'బీట్ జెనరేషన్' అనే వరుసను తలపెట్టింది. నీకు నచ్చినట్టు చేయమన్నదే అక్కడి ఒప్పందం. ఆ వరుసలో తొలి రికార్డు డిల్లాది. పీట్ రాక్, డీజే జాజీ జెఫ్ వంటివారు తరువాత వచ్చారు. "గిట్టుబాటు కావడమే గగనం" అని పేరు పెట్టుకున్న సంస్థ మాత్రమే అలాంటి స్వేచ్ఛ ఇవ్వగలదేమో!

ఆ స్వేచ్ఛను అతడు వాడుకున్న తీరు ఆశ్చర్యకరం. సంచిలోంచి ఒక్కొక్క వస్తువూ తీసి చూపినట్టు, తన ఊరు విన్న సంగీతమంతా వరుసగా పరిచాడు. డిట్రాయిట్‌లోనే పుట్టిన ట్రంపెట్ విద్వాంసుడు డొనాల్డ్ బర్డ్ 1975 నాటి పాట 'థింక్ ట్వైస్' అందులో ఉంది. హిప్-హాప్ ప్రొడ్యూసర్ చేసే మామూలు పని ఆ పాటలోంచి రెండు సెకన్ల ముక్క కోసి తిప్పడం. డిల్లా ఆ పని చేయలేదు. స్థానిక గాయకుడు డ్వెలేను తోడు తీసుకుని పాటను మళ్ళీ కట్టాడు, తానే పాడాడు. అతడిది శిక్షణ పొందిన గొంతు కాదు. ఆ సంకోచమే పాటకు అందం. మరోచోట బ్రెజిల్ బోసా నోవా ఛాయ, ఇంకోచోట 'వన్‌నెస్ ఆఫ్ జుజు' బృందపు ఆఫ్రికన్ దరువు. బి.బి.ఇ. అన్న మూడక్షరాలను చిలిపిగా విడదీసి పేరు పెట్టిన పాటలో జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ రైలుబండి సంగీతం వినిపిస్తుంది. ఇది పరాయి సరుకు అనిపించవచ్చు. కానీ డిట్రాయిట్ నల్లజాతి యువకులు రేడియోలో క్రాఫ్ట్‌వెర్క్ వింటూ పెరిగినవారే. హువాన్ ఆట్కిన్స్ తరం 1980లలో టెక్నో సంగీతాన్ని పుట్టించింది ఆ నేపథ్యం నుంచే. నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్‌లలో స్థిరపడిన తెలుగువారికి డిట్రాయిట్ అంటే కార్ల కంపెనీలు, ఫ్రీవేలు, ఖాళీపడిన ఇళ్ళ గురించిన వార్తలు. అదే నగరపు మరో పటం ఈ ఆల్బమ్.

ఇక లయ. డిల్లా పేరు సంగీత పాఠశాలల దాకా వెళ్ళింది దీనివల్లనే. తెలుగు ఛందస్సు తెలిసినవారికి దీన్ని వివరించడం తేలిక. రెండు లఘువులు సమానంగా పలికితే అది నిటారు నడక. గురువు, వెంట లఘువు, అంటే హగణం పలికితే కాలం 2:1గా చీలుతుంది. అది ఊగే నడక. మొదటిది చతురశ్రానికి, రెండోది తిశ్రానికి చెందుతుంది. ఎంపీసీ యంత్రాన్ని రూపొందించిన రోజర్ లిన్ ఈ రెంటి మధ్య ఉన్న ప్రదేశాన్నంతా శాతాలుగా విడగొట్టాడు: 50 అయితే రెండూ సమానం, 66 దగ్గర హగణం. నిమిషానికి 90 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బ నిడివి 667 మిల్లీసెకన్లు, అందులో పావు 167. ఊపును 54 శాతానికి తిప్పితే రెండో పావు దాదాపు 13 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతుంది. లెక్కకు అందని ఆ ఆలస్యాన్ని ఒళ్ళు గుర్తిస్తుంది.

డిల్లా ఇంకో మెట్టు ఎక్కాడు. ఒక వాద్యాన్ని నిటారుగా, మరొకదాన్ని ఊగుతూ, ఒకేసారి నడిపించాడు. పైగా స్నేర్ దెబ్బను రవంత ముందుకు జరిపాడు. వినేవాడికి ఎవరో తూలుతున్నట్టు అనిపిస్తుంది, కానీ ఎవరూ పడిపోరు. కర్ణాటక సంగీతంలోని అతీత, అనాగత ఎడుపులతో దీన్ని పోల్చాలనిపించవచ్చు. పోలిక కొంతవరకే పనికొస్తుంది: మన ఎడుపు ఎంత ముందో ఎంత వెనకో చేతివేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలం, డిల్లా జరిపిన దూరం వేళ్ళకు చిక్కదు. యంత్రంలోని సవరణ మీటను ఆపేసి చేత్తో వాయించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. డాన్ చార్నాస్ 2022లో వెలువరించిన 'డిల్లా టైమ్' గ్రంథం దాన్ని సరిదిద్దింది. ఆ తడబాటులో ఎక్కువభాగం యంత్రం మీటలనే ఆలోచించి వాడగా వచ్చినది. దీన్ని పొరపాటుగా కొట్టిపారేసేవారు ఆరోగ్యవంతుడి ఈసీజీ ఒకసారి చూడాలి. ఊపిరి తీసినప్పుడు గుండె కాస్త వడిగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. గడియారంలా ఖచ్చితంగా కొట్టుకునే గుండెను చూస్తే వైద్యుడు ఆలోచనలో పడతాడు.

ఆల్బమ్‌లో అన్నీ ఒకే ఎత్తున లేవు. మైకు ముందుకు వచ్చిన ఫ్రాంక్-ఎన్-డ్యాంక్, ఫ్యాట్ క్యాట్, ఎల్జీ తదితరులలో ఎల్జీ మాటల పొందిక తెలిసినవాడు. మిగిలిన చాలా చరణాలు డబ్బు, దర్పం, ఆడవాళ్ళ చుట్టూ తిరుగుతాయి. లయలో ఉన్న సూక్ష్మత మాటల్లో లేదు. డిల్లా సొంత చరణాలకూ ఈ మాట వర్తిస్తుంది. ప్రపంచానికి పేరు తెలియని ఊరివాళ్ళను తన తొలి ఆల్బమ్‌లో నిలబెట్టడం మాత్రం చిన్న విషయం కాదు. పెద్ద పేర్లు అతడి పరిచయాల్లో లేక కాదు.

తరువాతి కథ క్లుప్తం. పెద్ద సంస్థ ఎంసీఏ కోసం చేసిన గాత్ర ఆల్బమ్ అటకెక్కింది; 2016లో గానీ 'ది డైరీ' పేరుతో బయటికి రాలేదు. 2002లో అతడికి టీటీపీ అనే అరుదైన రక్తవ్యాధి ఉన్నట్టు తేలింది. దానికి లూపస్ తోడైంది. టీటీపీలో అతిసూక్ష్మ రక్తనాళాల్లో గడ్డలు కట్టి, ప్లేట్‌లెట్లు అందులోనే ఖర్చయిపోతాయి. రక్తంలో ఒక పెద్ద ప్రొటీన్‌ను తునకలు చేయవలసిన ఎంజైము కొరవడడం దీనికి కారణం. ఆ ఎంజైము జన్యువును శాస్త్రజ్ఞులు గుర్తించినది 2001లో, ఈ ఆల్బమ్ వచ్చిన ఏడాదే. ప్లాస్మా మార్పిడి లేకపోతే రోగుల్లో నూటికి తొంభైమంది దక్కరు. దానితో చాలామంది బతుకుతారు, కానీ వ్యాధి తిరగబెట్టవచ్చు. డిల్లా విషయంలో వరుసగా ఆసుపత్రి వాసాలు తప్పలేదు. 'డోనట్స్' అనే మాటల్లేని ఆల్బమ్ అతడి 32వ పుట్టినరోజున విడుదలైంది. మూడు రోజుల తరువాత, 2006 ఫిబ్రవరి 10న, లాస్ ఏంజెలెస్‌లోని ఇంట్లో మరణించాడు. ఆసుపత్రి మంచం మీదే దాన్ని మొత్తం చేశాడన్నది అభిమానుల అతిశయోక్తి.

అతడి ఎంపీసీ 3000 యంత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియంలో ఉంది. తల్లి మొరీన్ దాన్ని విరాళంగా ఇచ్చింది. యంత్రం మీద అతడు సాధించిన తడబాటును చేతులతో, కాళ్ళతో, నిజమైన డ్రమ్ముల మీద పలికించాలని క్వెస్ట్‌లవ్ మొదలు క్రిస్ డేవ్ దాకా వాద్యకారులు ఏళ్ళ తరబడి సాధన చేశారు.