మారిన ముక్క మాత్రమే

ఇంట్లో రెండు కంప్యూటర్లుంటే కొన్నాళ్లకు ఒకే ఫోల్డరు రెండు రూపాలెత్తుతుంది. డెస్క్‌టాప్‌లో దిద్దిన వ్యాసం ల్యాప్‌టాప్‌లో పాతదిగానే ఉంటుంది. ఏది తాజాదో తేలక పెన్‌డ్రైవ్‌తో అటూ ఇటూ మోసే అవస్థ నాకు బాగా తెలుసు. అందుకే ఫైళ్లను ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి చేర్చి రెండూ ఒకేలా ఉంచే ఆర్‌సింక్ అనే ప్రోగ్రాం పుట్టిన కథంటే నాకంత ఇష్టం.

కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్‌కి ఫోను తీగ మీద నడిచే మోడెమ్‌తో విసుగొచ్చింది. ప్రోగ్రాంలో మార్పులు చేసిన ప్రతిసారీ వాటిని అవతలికి చేర్చడానికి బోలెడు సమయం. మారిన ముక్క మాత్రమే పంపుదామంటే పాత ఫైలూ కొత్త ఫైలూ పక్కపక్కన పెట్టి పోల్చాలి. అవేమో చెరో చోట ఉన్నాయి! 1996లో పాల్ మెకరస్‌తో కలిసి ఆయన ఈ ముడి విప్పాడు.

పాత ఫైలున్న కంప్యూటరు దాన్ని సమానమైన ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కకూ రెండు గుర్తులు కడుతుంది: ఒకటి చిటికెలో తేలే చిన్న మొత్తం, రెండోది నిదానంగా కట్టే గట్టి గుర్తు. ముక్కల్ని కాక ఈ గుర్తుల్నే అవతలికి పంపుతుంది. అక్కడ కొత్త ఫైల్లో వాటికోసం వెతకాలి. అయితే మొదట్లో ఒక్క అక్షరం చేరినా చాలు, తర్వాతివన్నీ ఒక్కో అడుగు జరిగిపోతాయి. అందుకని ప్రతి బైటు దగ్గర్నించీ లెక్కకట్టి చూడాలి. లక్షల బైట్లకు లక్షల లెక్కలు! ట్రిడ్జెల్ ఎంచుకున్న చిన్న మొత్తం ఆదుకున్నది ఇక్కడే. ఒకరు దిగి ఒకరు ఎక్కితే బస్సు కండక్టరు అందరినీ మళ్లీ లెక్కపెట్టడు. దిగినవాళ్లను తీసేసి, ఎక్కినవాళ్లను కలుపుకుంటాడు. అలాగే ఒక బైటు ముందుకు జరిగినప్పుడు వెనక వదిలేసినదాన్ని తీసేసి, కొత్తగా చేరినదాన్ని కలిపితే సరిపోతుంది. ఆ మొత్తం కలిసినచోట మాత్రమే ఆర్‌సింక్ గట్టి గుర్తుతో సరిచూస్తుంది. చివరికి తీగ మీద వెళ్లేవి కొత్త బైట్లూ, 'ఇక్కడ నీ ఏడో ముక్క పెట్టుకో' లాంటి సూచనలూ. ఎంత చక్కని ఆలోచన!

ఇలా తీగ మీద వెళ్లేవాటికి భద్రత మాత్రం ఫిన్లాండు నుంచి వచ్చింది. హెల్సింకిలోని సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లను ఎవరో దారిలోనే కాజేశారు. ఆ దెబ్బతో 1995లో తతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాం రాశాడు. రెండు కంప్యూటర్ల మధ్య సాగేదంతా అది రహస్య లిపిలోకి మార్చేస్తుంది. 2004 నుంచి ఆర్‌సింక్, వేరే చెప్పకపోతే, ఆ దారినే వెళ్తోంది. తొలిసారి కలిపినప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ అవతలి కంప్యూటరును గుర్తుపట్టే వేలిముద్ర లాంటి సంకేతాన్ని చూపిస్తుంది. చాలామంది చదవకుండానే 'సరే' అనేస్తారు. అవతలి కంప్యూటరు దగ్గరికి వెళ్లి సరిచూసుకోవాలి. ఒకే ఇంట్లో అదెంత దూరం?

ఒక పేచీ మిగిలింది. ఆర్‌సింక్‌ది ఒకవైపు ప్రయాణం. ఒకచోట ఉన్న ఫైలు రెండోచోట లేకపోతే అది కొత్తగా పుట్టిందా, అక్కడ చెరిపేశారా? ఇప్పటి రెండు ఫోల్డర్లనూ ఎంత చూసినా జవాబు దొరకదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బెంజమిన్ పియర్స్ బృందం తయారుచేసిన యూనిసన్ అనే ప్రోగ్రాం అందుకే గతసారి రెండూ కలిసినప్పటి స్థితిని రాసిపెట్టుకుంటుంది. ఒకేచోట మారితే ఆ మార్పును రెండోచోటికి చేర్చమంటుంది. రెండుచోట్లా మారి ఉంటే మాత్రం తనంతట తాను దేన్నీ చెరపదు. ఏది ఉంచాలో ఫైలు సొంతదారునే అడుగుతుంది.